తెర మీద కారు తిరిగితే మనమెందుకు ఒరుగుతాం?

ఫోన్లో కారు పందెం ఆడుతున్న పిల్లవాణ్ణి పక్కనుంచి గమనించండి. ఆ ఆటకు కావలసింది రెండు బొటనవేళ్ళే. అయినా తెర మీద మలుపు రాగానే వాడి మోచేతులు పక్కకు పోతాయి. వాటి వెంట భుజాలు, భుజాల వెంట తల. కూర్చున్నది కదలని కుర్చీలో, ఒరిగేది మాత్రం వంద కిలోమీటర్ల వేగంతో మలుపు తిరుగుతున్నవాడిలా. "ఏంట్రా ఆ ఊగడం? తిన్నగా కూర్చుని ఆడలేవా?" అని వంటింట్లోంచి అమ్మ అడుగుతుంది.

ఆమె అడిగింది చాలా మంచి ప్రశ్న. ఎందుకంటే ఇది పిల్లల అలవాటు మాత్రమే కాదు. క్యారంబోర్డు దగ్గర స్ట్రైకర్ చేతిలోంచి వెళ్ళిపోయాక కూడా, పాకెట్ అంచున తచ్చాడుతున్న కాయిన్ కోసం పెద్దవాళ్ళు నడుము వంచుతారు. టీవీలో బంతి బౌండరీ వైపు దొర్లుతుంటే కాళ్ళు బిగిస్తారు. మన కదలిక కాయిన్‌కు అందదనీ, బంతికి చేరదనీ మనకు తెలుసు. ఒంటికి మాత్రం ఆ సంగతి పట్టదు.

ఒళ్ళు ఇంత ఉత్సాహపడుతున్నప్పుడు ఆ కదలికనే ఆటకు పగ్గంగా ఇస్తే ఎలా ఉంటుంది? బటన్ నొక్కి బ్యాటు తిప్పే బదులు చెయ్యి ఊపి తిప్పితే ఆటలో ఇంకా లీనమవుతామా? ఆటల కంపెనీలు ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్న వెంట పడ్డాయి. కొన్నిసార్లు కోట్లమంది ఇళ్ళలో గెలిచాయి, కొన్నిసార్లు తెచ్చిన పరికరాన్నే వెనక్కి తీసుకున్నాయి. ఆ గెలుపుకూ ఓటమికీ తేడా ఎక్కడుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

ఖాళీ బిందె చెప్పే సంగతి

కళ్ళు మూసుకుని చూపుడు వేలితో ముక్కు కొన ముట్టుకోండి. వేలు తిన్నగా అక్కడికే వెళ్ళింది కదా? ముక్కు మీకు కనబడలేదు, వేలూ కనబడలేదు. మరి దారి ఎవరు చూపించారు?

చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ అని బడిలో ఐదు జ్ఞానేంద్రియాలు చెప్పారు. వాటికి తోడు మన కండరాల్లో, కండర బంధాల్లో, కీళ్ళలో సన్నని నాడీ కొసలు ఉంటాయి. ఏ కండరం ఎంత సాగింది, ఏ కీలు ఎంత వంగింది అని అవి క్షణక్షణం మెదడుకు కబురు పంపుతుంటాయి. ఈ కబుర్లతోనే చీకట్లో చొక్కా బొత్తాలు పెట్టుకోగలుగుతున్నాం, అన్నం ముద్ద నోటికి తెచ్చుకోగలుగుతున్నాం. దీన్ని ఒంటి ఎరుక అందాం. ఇంగ్లండుకు చెందిన నాడీ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో దీనికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు.

ఒంటి ఎరుక ఉన్న స్థితిని చెబుతుంది. మెదడు అంతటితో తృప్తిపడదు, రాబోయేదాన్ని కూడా ముందే లెక్కగడుతుంది. నిండుగా ఉందనుకుని ఖాళీ బిందె ఎత్తిన అనుభవం గుర్తు చేసుకోండి. బిందె ఎగిరి పైకొస్తుంది, మనిషి వెనక్కి తూలినంత పనవుతుంది. బిందె తప్పేమీ లేదు. పది లీటర్ల నీళ్ళ బరువును చెయ్యి ముందే ఊహించి, అంత బలమూ సిద్ధం చేసుకుంది. ఎదురు రావలసిన బరువు రాలేదు. నిండు బిందెను ఎత్తినప్పుడు ఈ ఊహ సంగతే మనకు తెలియదు, ఎందుకంటే ఊహించింది ఊహించినట్టే జరిగింది.

ఈ బిందెను అధ్యాయం చివరిదాకా మరిచిపోవద్దు. శరీరం ప్రతి కదలికతోనూ ఒక ప్రశ్న వేస్తుంది, లోకం నుంచి జవాబు వస్తుంది. జవాబు సరిపోయినంతసేపూ మనం చేస్తున్న పనిలో మునిగి ఉంటాం. సరిపోని క్షణంలో ఉలిక్కిపడి పైకి తేలతాం. ఆటలో లీనతకూ ఇదే సూత్రం.

జవాబు సరిగ్గా వస్తే మెదడు ఎంతదూరం నమ్ముతుందో 1998లో మాథ్యూ బాట్వినిక్, జొనాథన్ కోహెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సులువైన ప్రయోగంతో చూపించారు. మనిషి చేతిని అడ్డు చాటున దాచి, అతని కళ్ళెదుట ఒక రబ్బరు చెయ్యి ఉంచారు. రెండు చేతుల మీదా ఒకే సమయంలో కుంచెతో నిమిరారు. కాసేపటికి చాలామందికి ఆ స్పర్శ రబ్బరు చేతి మీదే తెలుస్తున్నట్టు, అది తమ సొంత చెయ్యే అయినట్టు అనిపించింది. రెండు కుంచెలూ ఒకేసారి కాకుండా ముందూ వెనకగా కదిలినప్పుడు ఆ భ్రమ బాగా సన్నగిల్లింది. రబ్బరు చేతిని సొంతం చేసింది పోలిక ఒక్కటే కాదు, సమయం కూడా.

నిమ్మకాయల దండ, రంగులరాట్నం

మన కదలిక యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఆర్టీసీ బస్సో, లారీనో ఎక్కినప్పుడు డ్రైవరు ముందు వేలాడే నిమ్మకాయల దండను చూసే ఉంటారు. బ్రేకు వేస్తే దండ ముందుకు ఊగుతుంది. బండి కుడికి తిరిగితే ఎడమకు జరుగుతుంది. రోడ్డు చూడకపోయినా, దండను మాత్రమే చూస్తూ బండి ఏం చేస్తోందో చెప్పేయవచ్చు.

ఫోన్లలో, ఆట రిమోట్లలో ఉండేది ఇలాంటి దండే. కాకపోతే కంటికి కనబడనంత చిన్నది. సిలికాన్‌తో చెక్కిన ఒక చిన్న పలుకు, సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. పరికరం కదిలితే పలుకు వెనకబడుతుంది. ఎంత వెనకబడిందో విద్యుత్తు ద్వారా కొలుస్తారు. దీని పేరు యాక్సిలరోమీటర్. ఉరవడి కొలిచేది అనుకోండి.

దండకు ఒక బలహీనత ఉంది. బ్రేకు వేసినా, బండి పల్లంలో వాలి నిలబడినా అది ముందుకే ఒరుగుతుంది. వేగం మారిందా, నేల వాలిందా అన్నది దండ ఒక్కటీ తేల్చి చెప్పలేదు. బండి ఉన్నచోటనే గిర్రున తిరిగితే అంతకన్నా కష్టం.

తిరుగుడు కొలవడానికి ఇంకో పరికరం కావాలి. తిరుగుతున్న రంగులరాట్నం మీద మధ్యనుంచి అంచుకు నడిచి చూడండి, మిమ్మల్ని ఎవరో పక్కకు తోస్తున్నట్టుంటుంది. శాస్త్రంలో దాన్ని కొరియోలిస్ బలం అంటారు. గైరోస్కోప్ చిప్‌లో సన్నని ముక్కలు నిరంతరం ముందుకూ వెనక్కూ కంపిస్తుంటాయి. పరికరం తిరగ్గానే అవి పక్కకు తోయబడతాయి. ఆ తోపు ఎంతో కొలిస్తే తిరుగుడు ఎంతో తెలుస్తుంది.

ఈ రెండూ కలిసినా ఇంకొక చిక్కు మిగులుతుంది. కళ్ళు మూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ పెరడంతా తిరిగితే ప్రతి అడుగులో కాస్త పొరపాటు చేరి, చివరికి గోడకు తగులుతాం. చిప్పుల లెక్క కూడా అలాగే పక్కకు జారుతుంది. మధ్యమధ్య కళ్ళు తెరిచి సరిచూసుకోవాలి. అందుకే కెమెరా.

పళ్ళెమే స్టీరింగు

ఈ పరికరాలను ఇంటిల్లిపాదికీ అందించింది జపాన్ కంపెనీ నింటెండో. అంతకు ముందు ప్రయత్నాలు లేకపోలేదు. నింటెండో ఆటల కోసమే 1989లో మాటెల్ కంపెనీ పవర్ గ్లవ్ అనే తొడుగు అమ్మింది. టీవీకి బిగించిన గ్రాహకాలు చేతి తొడుగు నుంచి వచ్చే అతిధ్వనులను విని చెయ్యి ఎక్కడుందో కనిపెట్టాలి. అది సరిగ్గా కనిపెట్టలేకపోయింది. ఆట ఆడటం కన్నా తొడుగుతో వేగడమే పనైంది.

2006 నవంబరులో అమెరికాలో, డిసెంబరులో జపాన్‌లో నింటెండో 'వీ' యంత్రం విడుదలైంది. అప్పటికి ఆటల కంట్రోలర్లు పదికి పైగా బటన్లతో, రెండు చిన్న కర్రలతో కొత్తవాళ్ళను భయపెట్టే స్థితికి చేరాయి. సతోరు ఇవాతా నాయకత్వంలోని నింటెండో, ఆట అంటే దూరంగా జరిగే తల్లులనూ తాతలనూ పిలవాలనుకుంది. వీ రిమోట్‌ను టీవీ రిమోట్ ఆకారంలో చేసింది. టీవీ రిమోట్ చేతిలోకి తీసుకోవడానికి ఇంట్లో ఎవరూ జంకరు కదా.

రిమోట్‌లో ఉరవడి కొలిచే చిప్పు ఉంది, ముందువైపు పరారుణ కాంతిని చూసే చిన్న కెమెరా ఉంది. టీవీ దగ్గర పెట్టే పట్టీని సెన్సార్ బార్ అన్నారు గానీ అది దేన్నీ పసిగట్టదు. దాని రెండు చివర్లా పరారుణ దీపాలు వెలుగుతాయి, అంతే. చూసేది రిమోట్, చూడబడేది పట్టీ. పట్టీ స్థానంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా రిమోట్ పనిచేస్తుంది, కొవ్వొత్తి మంటలోనూ పరారుణ కాంతి ఉంటుంది కనుక.

చాలా దేశాల్లో యంత్రంతోపాటే ఇచ్చిన 'వీ స్పోర్ట్స్'లో టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్ ఉండేవి. నియమాల పుస్తకం అక్కర్లేదు. బౌలింగ్ కావాలా, బంతి దొర్లించినట్టు చెయ్యి ఊపండి. అమెరికాలో వృద్ధుల నివాసాల్లో కూడా బౌలింగ్ పోటీలు నడిచాయి. మొత్తం మీద పది కోట్లకు పైగా వీ యంత్రాలు అమ్ముడయ్యాయి. ఆటగాళ్ళు ఎంత గట్టిగా నమ్మారంటే, బంతి విసిరినట్టే రిమోట్ వదిలేసేవారు. మణికట్టు తాళ్ళు తెగి రిమోట్లు టీవీలకు తగిలాయి. 2006 డిసెంబరులో నింటెండో మరింత గట్టి తాళ్ళను ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది.

ఇదే కాలంలో వచ్చిన 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ట్వైలైట్ ప్రిన్సెస్' ఆటలో ఒక విశేషం ఉంది. అందులో కథానాయకుడు లింక్ మొదటినుంచీ ఎడమచేతి వాటం వాడు. వీ మీద మాత్రం ఎక్కువమంది కుడిచేత్తో రిమోట్ ఊపుతారు. తాము కుడిచెయ్యి ఊపితే తెర మీద ఎడమచేతిలో కత్తి కదలడం ఒంటికి నప్పదు. అందుకని వీ ప్రతిలో లింక్‌ను కుడిచేతి వాటం చేయడానికి అద్దంలో చూసినట్టు ఆ ఆట ప్రపంచం మొత్తాన్నీ తిప్పేశారు. అదే ఆటలో ఇంకో యంత్రం మీద తూర్పున ఉన్న ఊరు వీ మీద పడమటికి వెళ్ళింది. చేతికి సరైన జవాబు ఇవ్వడం కోసం దిక్కులనే మార్చారు.

2008లో 'మారియో కార్ట్ వీ'తో ఒక చిన్న తెల్లని స్టీరింగు చక్రం ఇచ్చారు. దాని లోపల తీగ లేదు, చిప్పు లేదు. రిమోట్‌ను ఇరికించుకునే ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. అయినా రిమోట్‌ను వట్టిగా పట్టుకోవడానికీ, చక్రంలో పెట్టి పట్టుకోవడానికీ అనుభవంలో చాలా తేడా ఉండేది. మన ఇళ్ళలో ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. స్టీలు పళ్ళాన్ని రెండు చేతులా పట్టుకుని, నోటితో హారన్ కొడుతూ, ఇల్లంతా బస్సు నడిపే పిల్లలకు ఎవరూ సెన్సార్ ఇవ్వలేదు. పళ్ళెం అంచు అరచేతులకు ఆనుతుంది. చేతులు అడిగింది ఆ గుండ్రటి పట్టు, అది దొరికింది. మిగతాదంతా మనసు చూసుకుంటుంది.

ఖాళీ చేతుల ప్రయోగం

2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఒక అడుగు ముందుకు వేసింది. చేతిలో అసలు ఏమీ వద్దు, ఒళ్ళే పగ్గం అంది. ఆ పరికరం పేరు కైనెక్ట్. అది పనిచేసే తీరు ముగ్గు వేసేవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. చదునైన వాకిట్లో చుక్కలు వరుస తప్పవు. అవే చుక్కలను మెట్ల మీదా గడప మీదా పెడితే, పక్కనుంచి చూసేవారికి వరుస చెదిరినట్టు కనిపిస్తుంది. కైనెక్ట్ గదినిండా కంటికి కనబడని పరారుణ చుక్కలు చల్లుతుంది. పక్కనున్న కెమెరా ఏ చుక్క ఎంత జరిగిందో చూసి, గదిలో ఏది ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. ఎన్నెన్నో భంగిమల బొమ్మలతో ముందే శిక్షణ పొందిన ప్రోగ్రాము, ఆ ఆకారంలో తల ఏది, మోచెయ్యి ఏది, మోకాలు ఏది అని ఇరవై కీళ్ళను గుర్తిస్తుంది.

సాంకేతికంగా ఇది గొప్ప సాధన. మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ రికార్డుకెక్కింది. అయినా 2017లో మైక్రోసాఫ్ట్ దాని తయారీ ఆపేసింది. ధర, స్థలం, ఆటల కొరత వంటి కారణాలు చాలా ఉన్నాయి. ఒంటి వైపు నుంచి చూస్తే రెండు కారణాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి.

మొదటిది ఖాళీ బిందె. కైనెక్ట్‌తోపాటు వచ్చిన 'జాయ్ రైడ్' అనే కారు ఆటలో గాలిలో లేని స్టీరింగును పట్టుకుని తిప్పాలి. కళ్ళకు కారు కనబడుతుంది, చేతులకు మాత్రం అంచు లేదు, బరువు లేదు. పిల్లవాడి పళ్ళెం పాటి జవాబు కూడా లేదు.

రెండోది ఆలస్యం. చుక్కలు చూడాలి, కీళ్ళు వెతకాలి, బొమ్మ గీయాలి. ఇదంతా జరిగేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి గడిచిపోయేది. వినడానికి చాలా తక్కువ. రబ్బరు చేతి ప్రయోగం గుర్తుంటే, ముందూ వెనకైన కుంచె ఎలా భ్రమను చెదరగొట్టిందో గుర్తుంటుంది.

అదే కైనెక్ట్ మీద 'డాన్స్ సెంట్రల్' వంటి నృత్యపు ఆటలు మాత్రం ఎందరినో అలరించాయి. నాట్యంలో చేతికి వస్తువు అక్కర్లేదు, కదలికే ఫలం. పాదం నేలను తాకుతుంది, ఆ తాకిడి నిజమైనది. అడుగు తాళంలో పడిందా లేదా అన్నది తెర చెప్పకముందే కాలికి తెలుస్తుంది. పరికరం ఒకటే, లోపం ఒకటే. అది ఒక ఆటలో గుచ్చుకుంది, ఇంకో ఆటలో తగలలేదు.

ఘాట్ రోడ్డు మీద బస్సు

తిరుమల ఘాట్ రోడ్డులో కిటికీ పక్కన కూర్చుని ఫోను చదివితే చాలామందికి కడుపులో తిప్పుతుంది. లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు గొట్టాలు మూడు ఉంటాయి. వాటిలోని ద్రవం మన తల తిరిగినప్పుడల్లా మెదడుకు చెబుతుంది. చెవి "తిరుగుతున్నాం" అంటుంది, ఫోను మీదున్న కళ్ళు "లేదు, ఇక్కడే ఉన్నాం" అంటాయి. ఆ తగువే వాంతి. అదే బస్సులో డ్రైవరుకు మాత్రం ఏమీ కాదు. స్టీరింగు తిప్పేది అతనే, మలుపు ఎప్పుడు వస్తుందో అతని ఒంటికి ముందే తెలుసు.

కళ్ళకు కట్టుకునే వీఆర్ పరికరాలకు ఈ తగువే తలనొప్పి. ఇక్కడ అది తలకిందులుగా ఉంటుంది. కళ్ళు పరిగెడుతున్నాం అంటాయి, చెవి నిలబడే ఉన్నాం అంటుంది. తల తిప్పాక బొమ్మ మారడానికి సెకనులో యాభయ్యో వంతు, అంటే 20 మిల్లీసెకన్లకు మించి పట్టకూడదని తయారీదార్లు గీత గీసుకున్నది అందుకే. 2020లో వచ్చిన 'హాఫ్‌లైఫ్: అలిక్స్'లో నడకకు బదులు, కావాలంటే చూపించిన చోటికి ఒక్కసారిగా చేరిపోయే పద్ధతి పెట్టిందీ అందుకే.

2018లో మొదలైన 'బీట్ సేబర్' ఈ విద్యను ఇంకా చక్కగా ఒడిసిపట్టింది. ఆటగాడు నిలబడ్డ చోటే ఉంటాడు, కనుక చెవికీ కంటికీ తగువు లేదు. పాట తాళానికి ఎదురొచ్చే దిమ్మలను రెండు కత్తులతో నరకాలి. ఆ కత్తులు ఇనుముతో చేసినవి కావు, వెలుగుతో చేసినవి. ఇనుప కత్తి దిమ్మను తాకితే చెయ్యి ఎదురుదెబ్బ కోసం చూస్తుంది. వెలుగు కత్తి నుంచి ఎవరూ బరువు ఆశించరు. తాకిన క్షణంలో చేతిలోని పిడి చిన్నగా అదురుతుంది, అంతవరకే. పరికరం ఇవ్వలేని జవాబును చెయ్యి అడగకుండా ఆటనే మలిచారు. ఈ రంగంలో నాకు కనబడిన అత్యంత తెలివైన పరిష్కారం ఇదే.

బటన్ ఎందుకు బతికింది?

ఇంత జరిగినా లోకంలో ఎక్కువ ఆటలు ఇప్పటికీ వేళ్ళ కొసలతోనే నడుస్తున్నాయి. ఎందుకు?

జపాన్ శాస్త్రవేత్త అత్సుషి ఇరికి బృందం 1996లో ఒక పరిశోధన ప్రచురించింది. దూరంగా ఉన్న తిండిని చిన్న పారతో దగ్గరికి లాక్కోవడం కోతులకు నేర్పారు. చేతి దగ్గర వస్తువు కనబడితే స్పందించే నాడీకణాలు కొన్ని మెదడులో ఉంటాయి. కోతి పార వాడాక ఆ కణాలు పార పొడవునా ఉన్న వస్తువులకూ స్పందించాయి. మెదడు గీసుకున్న ఒంటి పటంలో పార కూడా చేరిపోయిందన్నమాట. చూపులేనివారికి చేతికర్ర కొస నేలను తాకినట్టు తెలిసేదీ, సైకిలు నేర్చిన కొన్నాళ్ళకు హ్యాండిల్ సంగతే మరిచిపోయేదీ ఇందువల్లే.

బటనూ అంతే. వేలు నొక్కిన ప్రతిసారీ తడబాటు లేకుండా, ఆలస్యం లేకుండా అదే జవాబు వస్తే, కొన్నాళ్ళకు బటన్ మాయమై పని మాత్రమే మిగులుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఎమిలీ బ్రౌన్, పాల్ కెయిర్న్స్ 2004లో ఆటగాళ్ళతో మాట్లాడి లీనతను మూడు మెట్లుగా చెప్పారు. ఆటకు సమయం ఇవ్వడం మొదటి మెట్టు. మనసు ఆటతో ముడిపడటం రెండోది. చుట్టుపక్కల లోకం మరుపున పడటం మూడోది. పగ్గాలు చేతికి లొంగకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం.

వీ టెన్నిస్‌లో కొన్నాళ్ళకు పిల్లలు ఒక రహస్యం కనిపెట్టారు. చెయ్యంతా ఊపనక్కర్లేదు, సోఫాలో కూర్చుని మణికట్టు విదిలించినా బంతి వెళ్ళిపోతుంది. ఆనాటి చిప్పుకు పెద్ద ఊపుకూ చిన్న విదిలింపుకూ మధ్య సూక్ష్మాలు అందేవి కావు. ఒళ్ళు అంత కష్టపడి అడిగిన ప్రశ్నకు యంత్రం అందరికీ ఒకే జవాబు ఇస్తోందని తెలిశాక ఊపు బటన్‌తో సమానమైంది. 2009లో గైరోస్కోప్‌తో మోషన్ ప్లస్ వచ్చాక, 2011 నాటి 'స్కైవార్డ్ స్వోర్డ్'లో కత్తి ఏ దిక్కున తిప్పితే ఆ దిక్కునే తిరిగింది. అది కొందరిని కట్టిపడేసింది, కొందరిని అలసిపోయేలా చేసింది. 2021లో అదే ఆటను మళ్ళీ విడుదల చేసినప్పుడు చెయ్యి ఊపకుండా ఆడే దారి కూడా పెట్టారు.

మన దగ్గర ఈ కథ ఫోన్లో సాగింది. ఎంతోమంది తెలుగు పిల్లలకు మొదటి కదలిక పగ్గం వీ కాదు, ఫోను ఒంచి నాణేలు ఏరుకున్న 'టెంపుల్ రన్'. ఇప్పుడు బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడే కుర్రవాళ్ళు "గైరో ఆన్ చేశావా?" అని ఒకరినొకరు అడుగుతారు. తుపాకి పేలేటప్పుడు గురి పైకి లేవకుండా ఫోన్‌ను రవంత వంచి ఆపుతారు. పక్కనుంచి చూసేవారికి ఆ కదలిక కనబడనే కనబడదు. కానీ చెయ్యి అడిగినంతకు అంతే జవాబు, అప్పటికప్పుడు వస్తుంది. గది మధ్యలో నిలబడి గాలిలో చేతులు తిప్పడం కన్నా ఆ రవంత వంపులో లీనత ఎక్కువ.

ఒళ్ళు అసలే కదలని చోట కూడా లీనత పనిచేస్తుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్ బృందం కాలిన గాయాల రోగుల కోసం 'స్నోవరల్డ్' అనే మంచు లోకాన్ని తయారుచేసింది. గాయాలు శుభ్రం చేస్తున్నంతసేపూ మంచం మీదున్న రోగి మంచు లోయలో తేలుతూ, మంచుబొమ్మల మీదకి ఉండలు విసురుతాడు. ఆ సమయంలో నొప్పి తగ్గినట్టు రోగులు చెప్పారు. వాళ్ళు విసిరిన ప్రతి ఉండకూ ఆ లోకం బదులు పలికింది. మనసు అక్కడ నిలవడానికి అది చాలింది.

ఇప్పుడు వంటింట్లోంచి అడిగిన అమ్మకు జవాబు చెప్పవచ్చు. పిల్లవాడు ఊగుతున్నది క్రమశిక్షణ లేక కాదు. తెర మీది కారు వాడి వేళ్ళకు తడబడకుండా బదులిస్తోంది. అందువల్ల వాడి మెదడు ఆ కారును ఒంటి పటంలో చేర్చుకుంది. కారు తిరిగితే ఒళ్ళు తిరగడం ఆరోగ్యమైన మెదడు చేసే పని.

పిల్లలకు ఆట ఎంచేటప్పుడు అది ఒంటిని ఎంత ఊపుతుందని కాకుండా, ఒంటికి ఎంత నిజాయితీగా బదులిస్తుందని చూడండి. ఈసారి ఎవరైనా ఆడుతుంటే తెరను వదిలేసి వాళ్ళ భుజాలు గమనించండి. ఆ భుజాలు ఒరుగుతుంటే, ఆట ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నట్టే.